రెండించులు

రాత్రి పదకొండు దాటినాక
అనంతపురంలో మా ల్యాబు కిటికీ ఒక్కటే వెలుగుతుంటుంది.
ఆఫీసువాళ్లు పాతసామానుకు వేస్తామన్న ఆరు కంప్యూటర్లు
గోడవారగా, నేల మీద,
ఫ్యాన్ల రొదతో నిద్రపట్టక పొర్లుతుంటాయి.

శెనిక్కాయ వేరులో ఒక చిన్న ప్రోటీను.
నూటపన్నెండు పూసలు.
ఏ పూస పక్కన ఏ పూసో తెలుసు,
దండ మొత్తం చదివేసినాం.
ఎట్లా ముడుచుకుంటుందో, ఏ మడత కింద
ఏ జేబు దాచుకుంటుందో
అది మాత్రం చెప్పదు.
వాన లేని నలభై రోజులు చేనును నిలబెట్టేది
ఆ జేబేనని నా అనుమానం.
అనుమానమే.

అన్ని మడతలూ వేసి చూద్దామంటే
నా ఆయుష్షు చాలదు, సూర్యుడిదీ చాలదు.
అందుకే షమీమ్ రాసిన ప్రోగ్రాము
రెండువందల ఆకారాలను గుడ్డిగా పుట్టిస్తుంది.
బాగున్నవాటికి జత కడుతుంది:
దీని తల, దాని తోక.
ఒక్కోసారి ఎక్కడో ఒక కీలును ఊరికే మెలిపెడుతుంది.
చాలావరకు చెడిపోతాయి.
ఎప్పుడో ఒకటి తన తల్లికంటే
కాస్త కుదురుగా కూర్చుంటుంది.
దానికి తర్వాతి తరంలో చోటు.

వాచ్‌మన్ ఎర్రిస్వామి టీ ఫ్లాస్కుతో వచ్చి
తెర మీది గుట్టలూ పల్లాలూ చూసి అడిగినాడు:
"ఏంది మేడమ్, భూమి సర్వేనా?"
చెప్పినాను. ఎంత కిందికి దిగితే అంత మంచిదనీ,
అన్నిటికంటే లోతైన గుంత ఎక్కడో ఒకటే ఉంటుందనీ,
నడుమ మోసపు గుంతలు వేలకొద్దీ అనీ.

ఆయన నవ్వలేదు.
"నార్పల కాడ ఏడు బోర్లేసినా మేడమ్ నేను.
మొదటిదాంట్లో రెండించులు పడ్నాయి.
ఏడాదికే ఎండె.
ఆ రెండించులే నా కొంప ముంచినాయి.
నీళ్లు చూసిన చోటు గదా అని దాని చుట్టూనే పొడిచినా,
యాభై గజాల్లో ఆరు.
అవతల మూల రాళ్లదిబ్బ కాడికి పోనే లేదు.
అంత ఎండిన చోటికి ఎవరు పోతారు?"

ఆ రాత్రి షమీమ్ ఒక లైను మార్చింది.
ఓడిపోయినవాటిలోంచి ఇరవై,
ఒకదాన్నొకటి పోలనివి,
ప్రతి తరంలోనూ బతకాలి.
ఫైలులో వాటికి ఆమె పెట్టిన పేరు: రాళ్లదిబ్బ.

నాలుగువందల పన్నెండో తరంలో కరెంటు పోయింది.
యూపీఎస్ ఒకసారి కూసి ఊరుకుంది.
మళ్లీ మూడువందల తొంభై నుంచి.
కొత్తగా పుట్టినవి పోయినవి కావు.
పోయినవాటిలో ఏముండెనో
ఇంక ఎవరికీ తెలీదు.

పదహారో రోజు తెల్లవారి
రాళ్లదిబ్బ సంతానం ఒకటి దిగింది,
మేం చూసిన ఏ పల్లం కన్నా కిందికి.
షమీమ్ కేక పెట్టింది.
నేను ధార్వాడ పేడా తెప్పించినాను.

నెలకు, ఇంకెవరో స్ఫటికం కట్టి తీసిన
అసలు రూపం వచ్చింది.
ఒకదాని మీద ఒకటి పెట్టి చూసినాం.
నడుము కలిసింది. తోక కలవలేదు.
జేబు ఉండాల్సిన చోట మాది పిడికిలి బిగించుకొని ఉంది.
అంతకన్నా సిగ్గు:
మా లెక్కలో, నిజమైనదానికంటే
తప్పుదే లోతుగా ఉంది.

అంటే వెతుకులాట ఓడిపోలేదు.
తరాలన్నీ నేర్చుకున్నాయి, శ్రద్ధగా,
మేం చేతికిచ్చిన తక్కెడకు నచ్చడం నేర్చుకున్నాయి,
యార్డులో కాటా ఎక్కే ముందు
నీళ్లు చల్లుకున్న బస్తాల్లాగా.
ఆ తక్కెడ రాళ్లు ఒక్కొక్కటీ తీసి చూసినాం.
నీళ్లంటే బెదిరి లోపలికి జరిగే పూసలున్నాయి,
నీళ్ల వైపు తిరిగి కూర్చునేవి ఉన్నాయి.
ఆ బెదురునూ ఆ ఇష్టాన్నీ మేం సరిగ్గా తూచలేదు.
అనంతపురంలో కూర్చొని
నీళ్లకు తక్కువ ధర కట్టినాం.

రాయి మార్చినాం. మళ్లీ మొదటి తరం,
మళ్లీ రెండువందల గుడ్డి ఆకారాలు.

"పడ్నాయా మేడమ్?" వాకిట్లోంచే అడిగినాడు ఎర్రిస్వామి.
"రెండించులు."
కాసేపు ఏమీ అనలేదు.
"అయితే జాగ్రత్త," అన్నాడు
ఫ్లాస్కు మూత తిప్పుతూ.